యూరప్‌లో రెండు గంటల ఫ్లైట్: ఎయిర్‌లైన్ పేరు కంటే ముందు చూడాల్సినవి

లండన్ నుంచి మిలాన్‌కి వెళ్లాలంటే కనీసం నాలుగు దార్లున్నాయి. హీత్రోలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఎక్కి, మిలాన్ నగరాన్ని ఆనుకునే ఉన్న లినాటె ఎయిర్‌పోర్టులో దిగొచ్చు. గాట్విక్ నుంచి ఈజీజెట్‌లో మాల్పెన్సాకి వెళ్లొచ్చు. స్టాన్‌స్టెడ్ నుంచి ర్యాన్‌ఎయిర్‌లో బెర్గమోకి వెళ్లొచ్చు. థేమ్స్ నది పక్కనున్న లండన్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి లినాటెకి చిన్న విమానాలు కూడా ఉంటాయి. ఎందులో వెళ్లినా విమానంలో కూర్చునేది రెండు గంటలకి అటూఇటూగా ఉంటుంది. ఇంటికి తాళం వేసి బయల్దేరిన దగ్గర్నుంచి మిలాన్‌లో హోటల్ గది చేరేదాకా పట్టే సమయం, పడే శ్రమ మాత్రం నాలుగు దార్లలో నాలుగు రకాలుగా ఉంటాయి.

హైదరాబాద్ నుంచి యూరప్‌కి వచ్చేటప్పుడు మనం ఎయిర్‌లైన్‌ని ఎంచుకునే పద్ధతి ఒకటుంది. సీటు ఎంత వెనక్కి వాలుతుంది, భోజనం ఎలా ఉంటుంది, సినిమాలున్నాయా అని చూస్తాం. పది గంటల ప్రయాణానికి అది సరైన పద్ధతే. యూరప్ లోపల తిరిగే చిన్న ఫ్లైట్లకి అదే కొలత వాడితే లెక్క తప్పుతుంది. అయిదారు గంటల మొత్తం ప్రయాణంలో సీట్లో కూర్చునేది మూడో వంతే. మిగతా సమయమంతా రైల్లో, బస్సులో, సెక్యూరిటీ క్యూలో, గేటు దగ్గర గడిచిపోతుంది. సుఖమైనా కష్టమైనా ఎక్కువగా అక్కడే తేలుతుంది కాబట్టి లెక్క కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఊరి పేరు ఒకటి, దిగే చోటు ఇంకొకటి

లినాటె మిలాన్ నడిబొడ్డుకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2024 అక్టోబరులో పూర్తిగా తెరుచుకున్న ఎం4 మెట్రో ఎక్కితే పావుగంట లోపే, మిలాన్ పెద్ద చర్చి డుఓమో దగ్గరలోని సాన్ బాబిలా స్టేషన్ వస్తుంది. మాల్పెన్సా దాదాపు 50 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి మంచి రైలే ఉంది కానీ ముప్పావు గంట పట్టొచ్చు. బెర్గమో కూడా ఇంచుమించు అంతే దూరం, పైగా ఎక్కువమంది బస్సు మీదే ఆధారపడతారు. హైవే మీద ట్రాఫిక్ ఉంటే గంట దాటుతుంది.

లండన్ వైపు కూడా ఇదే కథ. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి స్టాన్‌స్టెడ్‌కి రైల్లో సుమారు 50 నిమిషాలు. గాట్విక్‌కి విక్టోరియా స్టేషన్ నుంచి అరగంట. హీత్రోకి ఎలిజబెత్ లైన్ వచ్చాక నగరంలో చాలా చోట్ల నుంచి ఒకే రైల్లో వెళ్లిపోవచ్చు. సిటీ ఎయిర్‌పోర్టు అయితే డీఎల్ఆర్ రైల్లో నగరం మధ్యలోని బ్యాంక్ స్టేషన్‌కి పాతిక నిమిషాల లోపే. అది చిన్న ఎయిర్‌పోర్టు కాబట్టి లోపల మైళ్ల కొద్దీ నడిచే పని కూడా ఉండదు. అక్కడి రన్‌వే 1,508 మీటర్లే. మామూలుగా విమానాలు 3 డిగ్రీల వాలులో దిగితే అక్కడ 5.5 డిగ్రీల వాలులో దిగాలి. అందుకే పెద్ద విమానాలు అక్కడికి రావు. వచ్చే చిన్న విమానాల్లో ఎక్కువ వాటిలో వరసకి నాలుగు సీట్లే ఉంటాయి.

బెర్గమోని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. బెర్గమో ఊళ్లోనో, ఆ చుట్టుపక్కలో పని ఉన్నవాళ్లకి దాన్ని మించిన ఎయిర్‌పోర్టు లేదు. కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లకి హీత్రో కంటే స్టాన్‌స్టెడ్ దగ్గర. ఇబ్బందల్లా టికెట్ వెబ్‌సైట్లో "మిలాన్" అని ఒకే పేరు చూసి, మూడు ఎయిర్‌పోర్టులూ ఒకటే అనుకోవడంతో వస్తుంది.

ఇలాంటి పేర్లు యూరప్ నిండా ఉన్నాయి. పారిస్ బోవే అనే ఎయిర్‌పోర్టు పారిస్‌కి సుమారు 85 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి సూర్యాపేట అంత దూరం. మ్యూనిక్ పేరు తగిలించి అమ్మే మెమ్మింగెన్ మ్యూనిక్‌కి వంద కిలోమీటర్ల పైనే. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా కూడా అంతే. బ్రస్సెల్స్ పేరుతో ఉన్న షార్లెర్వా, బార్సెలోనా పేరుతో అమ్మే జిరోనా కూడా ఈ జాబితాలోవే. రాత్రి పదకొండుకి అలాంటి చోట దిగితే, ఆఖరి బస్సు వెళ్లిపోయి ఉంటే, టాక్సీ ఖర్చు టికెట్ ధరని ఎప్పుడో దాటేస్తుంది. టికెట్ కొనేముందు మ్యాప్ తెరిచి, దిగే ఎయిర్‌పోర్టు నుంచి చేరాల్సిన వీధి దాకా ఆ టైముకి ఏ బస్సు, ఏ రైలు ఉందో చూడటానికి రెండు నిమిషాలు చాలు. సీటు ఎంత మెత్తగా ఉందో తెలుసుకోవడం కంటే ఆ రెండు నిమిషాల పని ఎక్కువ సుఖాన్నిస్తుంది.

సీటు సంగతి విమానం మోడల్ చెబుతుంది

సీట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ ఎయిర్‌లైన్ పేరే చెబుతారు. నిజానికి పక్క మనిషి మోచేయి మనకి తగులుతుందా లేదా అన్నది చాలావరకు విమానం మోడల్ మీద ఆధారపడి ఉంటుంది. క్యాబిన్ లోపలి వెడల్పు బోయింగ్ 737లో 3.54 మీటర్లు, ఎయిర్‌బస్ ఏ320 కుటుంబంలో 3.70 మీటర్లు. రెండింటిలోనూ వరసకి ఆరు సీట్లు. మధ్య నడవని కూడా కలిపి పంచితే 737లో మనిషికి 59 సెంటీమీటర్లు, ఏ320లో 62కి దగ్గరగా వస్తాయి. ఎయిర్‌బస్ ఏ220లో వెడల్పు 3.28 మీటర్లే అయినా వరసకి అయిదు సీట్లే ఉంటాయి కాబట్టి మనిషికి దాదాపు 66 సెంటీమీటర్లు. ఎంబ్రాయర్ జెట్లలో వెడల్పు 2.74 మీటర్లు, వరసకి నాలుగు సీట్లు, అంటే మనిషికి 68 పైనే. బయటి నుంచి చూస్తే చిన్నదిగా కనిపించే విమానంలోనే మనిషికి చోటు ఎక్కువన్నమాట. పైగా ఎంబ్రాయర్‌లో మధ్య సీటు అనేదే ఉండదు. భార్యాభర్తలిద్దరూ వెళ్తుంటే పక్కన కొత్త మనిషి ఉండరు.

ఏ220లని ఎయిర్ ఫ్రాన్స్, స్విస్, లాట్వియాకి చెందిన ఎయిర్‌బాల్టిక్ నడుపుతున్నాయి. ఎయిర్‌బాల్టిక్ దగ్గరైతే ఆ విమానాలు తప్ప వేరేవి లేవు. కిటికీలు పెద్దవి, సామాను అరలు విశాలం, ఇంజిన్ చప్పుడు తక్కువ. రీగా మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడు చాలామంది పేరు తెలియని ఎయిర్‌లైన్ అని వెనకాడతారు కానీ, సీటు సుఖం దృష్ట్యా చూస్తే పెద్ద పేర్లున్న కంపెనీల చాలా విమానాల కంటే అదే మెరుగు. ఎంబ్రాయర్లు కేఎల్ఎం సిటీహాపర్‌లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ల సిటీఫ్లయర్‌లో, లుఫ్తాన్సా గ్రూపులోని ఎయిర్ డొలొమిటిలో, పోలండ్ వాళ్ల లాట్‌లో కనిపిస్తాయి.

ర్యాన్‌ఎయిర్‌లో ఎక్కువగా ఉన్నది 737. వాటి కొత్త రకంలో 197 సీట్లున్నాయి. సీట్లు వెనక్కి వాలవు, సీటు వీపుకి కాగితాలు పెట్టుకునే సంచి ఉండదు, భద్రతా సూచనల కాగితం ముందు సీటు వీపుకే అతికించి ఉంటుంది. 11ఏ నంబరు సీటు కిటికీ సీటే అయినా 737-800ల్లో అక్కడ కిటికీ ఉండదు, గోడలో ఏసీ గొట్టం వెళ్తుంది. అయితే వాలని సీటు ఒక్క ర్యాన్‌ఎయిర్‌దే కాదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏ320నియో విమానాల్లోనూ ఎకానమీ సీట్లు వాలవు. రెండు గంటల ప్రయాణంలో ముందు సీటు మన మోకాళ్ల మీదికి వాలకపోవడం ఒక విధంగా మేలే.

కాళ్ల చోటుకి వాడే కొలతని పిచ్ అంటారు. ఒక సీటు మీద ఒక చోటు నుంచి ముందు సీటు మీద అదే చోటు దాకా ఉండే దూరం అది. యూరప్ చిన్న ఫ్లైట్లలో 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉంటుంది. విజ్ ఎయిర్, ఈజీజెట్‌లలో తక్కువ వైపు, ర్యాన్‌ఎయిర్‌లో 30కి దగ్గరగా ఉంటుంది. చవక కంపెనీ అని పేరుపడ్డ ర్యాన్‌ఎయిర్‌లో కాళ్ల చోటు కొన్ని పెద్ద కంపెనీలతో సమానంగా ఉండటం చాలామందికి తెలియదు. ఎంత ఇరికించారో తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం మొత్తం సీట్ల సంఖ్య చూడటం. ఒకే ఏ321నియో విమానంలో లుఫ్తాన్సా 215 సీట్లు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 220, ఈజీజెట్ 235, విజ్ ఎయిర్ 239 పెట్టాయి. వంటగది, టాయిలెట్ల అమరికలో కొంత తేడా ఉన్నా, ఆ 24 సీట్ల తేడా ప్రయాణికుల మోకాళ్లకి తెలుస్తుంది.

అయిదున్నర అడుగుల మనిషికి 29 అంగుళాలు రెండు గంటలకి సరిపోతాయి. ఆరడుగులు దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఎమర్జెన్సీ ద్వారం దగ్గర వరసకో, మొదటి వరసకో కొంచెం ఎక్కువ కట్టడమే నయం. కాకపోతే ఎమర్జెన్సీ వరసలో పిల్లల్ని, నడవడం కష్టమైనవాళ్లని కూర్చోనివ్వరు.

ఇక బిజినెస్ క్లాస్. మన దగ్గర ఆ మాట వినగానే పెద్ద సోఫా లాంటి సీటు గుర్తొస్తుంది. యూరప్ లోపల లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్, స్విస్ లాంటి వాటిలో చిన్న ఫ్లైట్ బిజినెస్ సీటంటే అదే ఎకానమీ సీటు, మధ్య సీటు ఖాళీగా వదులుతారు. కాళ్ల చోటు చాలాసార్లు వెనక వరసల్లో ఉన్నంతే ఉంటుంది. మంచి భోజనం, లాంజ్, ఎక్కువ సామాను, ముందుగా ఎక్కే వీలు దొరుకుతాయి. అవి అవసరమైతే కొనొచ్చు కానీ సీటు కోసం మాత్రం కాదు. టర్కిష్ ఎయిర్‌లైన్స్ తీరు వేరు, ఇస్తాంబుల్ నుంచి వెళ్లే చాలా విమానాల్లో వెడల్పైన అసలు బిజినెస్ సీట్లే ఉంటాయి.

ఇదంతా తెలిసినా ఒక చిక్కుంది. టికెట్ మీద ఒక ఎయిర్‌లైన్ పేరుంటుంది, వచ్చే విమానం ఇంకొకరిది కావచ్చు. వేసవి రద్దీలో పెద్ద కంపెనీలు కూడా విమానాల్ని సిబ్బందితో సహా అద్దెకి తీసుకుంటాయి. బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో "ఈ ఫ్లైట్‌ని నడిపేది ఫలానా సంస్థ" అనీ, విమానం మోడల్ ఫలానా అనీ రాసి ఉంటుంది. ఆ రెండు లైన్లూ తప్పక చదవాలి. అక్కడ సీఆర్‌జే అనో, ఏటీఆర్ అనో చిన్న విమానాల పేర్లు ఉంటే వరసకి నాలుగు సీట్లే అయినా పైన అరలు బాగా చిన్నవి. చక్రాల క్యాబిన్ సూట్‌కేసుని విమానం మెట్ల దగ్గరే తీసుకుని కింద పెడతారు. అందుకని మందులు, ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు ముందే వేరే చిన్న సంచిలో సర్దుకోవాలి.

బ్యాగు దగ్గరే అసలు టెన్షన్

చిన్న ఫ్లైట్లలో మనశ్శాంతిని ఎక్కువగా పాడుచేసేది సీటు కాదు, బ్యాగు. గేటు దగ్గర ఇనుప చట్రంలో బ్యాగు పట్టక, అందరి ముందూ దాన్ని తెరిచి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ర్యాన్‌ఎయిర్, విజ్ ఎయిర్‌లలో ఉచితంగా తీసుకెళ్లగలిగేది 40×30×20 సెంటీమీటర్ల సంచి మాత్రమే, అంటే బడిపిల్లల బ్యాగు అంత. ఈజీజెట్‌లో 45×36×20. దీనికంటే పెద్దది కావాలంటే ముందే డబ్బు కట్టాలి. గేటు దగ్గర కడితే చాలా ఎక్కువవుతుంది.

పెద్ద కంపెనీల్లో సుఖం నిజంగా కనిపించేది ఇక్కడే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అతి చవక టికెట్ మీద కూడా 56×45×25 సెంటీమీటర్ల క్యాబిన్ బ్యాగు, దానితో పాటు ఒక చేతి సంచి అనుమతిస్తుంది. ఒక్కోటీ 23 కిలోల దాకా ఉండొచ్చు, మనమే ఎత్తి పైన పెట్టుకోగలగాలి. యూరప్‌లో ఇంత ఉదారమైన నియమం అరుదు. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎంలలో రెండూ కలిపి 12 కిలోలు. లుఫ్తాన్సాలో క్యాబిన్ బ్యాగు 8 కిలోలే. పెద్ద పేరు కదా అని లైట్ టికెట్ కొని 23 కిలోల పెట్టె పట్టుకెళ్తే అక్కడా డబ్బు కట్టాల్సిందే, ఎందుకంటే ఆ టికెట్లలో చెక్-ఇన్ బ్యాగు ఉండదు.

క్యాబిన్ బ్యాగుకి డబ్బు తీసుకోవడం న్యాయమా అనే వాదన యూరప్‌లో ఇంకా తేలలేదు. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం ర్యాన్‌ఎయిర్, వ్యూలింగ్, ఈజీజెట్, నార్వేజియన్, వొలోటియా అనే అయిదు కంపెనీలకి కలిపి 179 మిలియన్ యూరోల జరిమానా వేసింది. కంపెనీలు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా తేలినా, ఇవాళ టికెట్ కొనేవాళ్లు మాత్రం మొత్తం ఖర్చు కలిపి చూసుకోవాలి. ఒక టికెట్ 30 యూరోలు అనుకుందాం. పెద్ద క్యాబిన్ బ్యాగుకి 25, పక్కపక్కన కూర్చోవడానికి 10, దూరపు ఎయిర్‌పోర్టు నుంచి బస్సుకి 12 వేస్తే 77 అవుతుంది. నగరం పక్కనే దిగే, బ్యాగు కలిసి ఉన్న టికెట్ 85కి దొరుకుతుంటే, ఆ ఎనిమిది యూరోలు పెట్టి రెండో దాన్ని కొనడమే తెలివైన పని. ఒక్క చిన్న సంచితో రెండు రోజులకి వెళ్లే విద్యార్థికి ఇదే లెక్క తిరగబడుతుంది. వాళ్లకి 30 యూరోల టికెట్ నిజంగా 30 యూరోలకే వస్తుంది. దాన్ని వదులుకోనక్కర్లేదు.

చవక టికెట్ అంటే భద్రత తక్కువేమో అనే భయం ఇంట్లో పెద్దవాళ్లలో ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో అన్ని ఎయిర్‌లైన్లకీ భద్రతా నియమాలు ఒకటే. ధర తక్కువ ఉండటానికి కారణాలు వేరు: విమానం దిగిన 25 నిమిషాల్లో మళ్లీ ఎగరడం, చవక ఎయిర్‌పోర్టులు, ఎక్కువ సీట్లు, ప్రతి సౌకర్యానికీ విడిగా డబ్బు. ఆ 25 నిమిషాల ఒత్తిడి ప్రయాణికుల మీద కూడా పడుతుంది. రెండు ద్వారాల నుంచి మెట్ల మీదుగా ఎక్కించడం, విమానం ఇంకా రాకముందే క్యూలో నిలబెట్టడం అందుకే.

తిండి గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2017లో, లుఫ్తాన్సా 2021లో చిన్న ఫ్లైట్ల ఎకానమీలో తిండిని డబ్బుకి అమ్మడం మొదలుపెట్టాయి. ఇప్పుడు నీళ్లు, చిన్న చిరుతిండి లాంటివి దొరుకుతాయి. టర్కిష్, గ్రీస్‌కి చెందిన ఏజియన్ ఇంకా కడుపుకి పట్టేది పెడుతున్నాయి. శాకాహారులు ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకుంటే సెక్యూరిటీ దగ్గర అభ్యంతరం ఉండదు. పచ్చడి, పెరుగు మాత్రం ద్రవాల కిందే లెక్క. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని ఎయిర్‌పోర్టులు సడలించినా చాలా చోట్ల 100 మిల్లీలీటర్ల హద్దు ఉంది. పైగా బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు.

ఆలస్యమైతే చేతిలో ఏముంటుంది

చిన్న ఫ్లైట్ నడిపే విమానం రోజుకి నాలుగు నుంచి ఆరు ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున బార్సెలోనాలో పోయిన నలభై నిమిషాలు సాయంత్రానికి మిలాన్‌లో గంటన్నర అవుతాయి. పొద్దున మొదటి ఫ్లైట్‌కి ఈ బాధ తక్కువ, ఎందుకంటే విమానం రాత్రంతా అక్కడే నిలిచి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలన్నది నిజమే. కానీ పెళ్లి, ఇంటర్వ్యూ, వీసా అపాయింట్‌మెంట్ లాంటి పనులుంటే ఆ నిద్ర వదులుకోవడమే మంచిది. ఆ రోజు ఆఖరి ఫ్లైట్ మాత్రం అన్నిటికంటే ప్రమాదం. అది రద్దయితే రాత్రి అక్కడే ఉండిపోవాలి.

ఇక్కడ ఎయిర్‌లైన్ ఎంపికకి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఆ దారిలో ఆ కంపెనీకి రోజుకి ఎన్ని ఫ్లైట్లున్నాయి? రోజుకి అయిదారు ఉంటే ఒకటి రద్దయినా సాయంత్రానికి చేర్చగలరు. వారానికి మూడే ఉంటే, ధర ఎంత తక్కువైనా, ఆ తేదీన తప్పక చేరాల్సినవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు.

యూరప్‌లో ప్రయాణికులకి ఉన్న రక్షణ ప్రపంచంలో చాలా చోట్ల లేదు. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ 261 నంబరు నిబంధన, దాని మీద వచ్చిన కోర్టు తీర్పుల ప్రకారం, ఎయిర్‌లైన్ వల్ల మూడు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే 1,500 కిలోమీటర్ల లోపు దూరానికి 250 యూరోలు, అంతకు మించిన యూరోపియన్ యూనియన్ లోపలి ప్రయాణాలకి 400 యూరోలు ఇవ్వాలి. టికెట్ 20 యూరోలదైనా పరిహారం అంతే. బ్రిటన్ విడిపోయాక అదే చట్టాన్ని తనకి రాసుకుంది, అక్కడ 220, 350 పౌండ్లు. ప్రయాణికులు ఏ దేశం వాళ్లన్నది దీనికి సంబంధం లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకీ అంతే హక్కుంది. ఇది తెలియక ఎంతోమంది మనవాళ్లు అడగకుండానే వదిలేస్తున్నారు. అది చాలా బాధగా ఉండే విషయం.

తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె లాంటివి ఎయిర్‌లైన్ చేతిలో లేనివి కాబట్టి వాటికి ఈ డబ్బు రాదు. సొంత సిబ్బంది సమ్మె చేస్తే మాత్రం తప్పించుకోవడం కష్టమని యూరోపియన్ కోర్టు 2018, 2021 తీర్పుల్లో చెప్పింది. ఇంకొక హక్కు అన్ని సందర్భాల్లోనూ ఉంటుంది. కారణం ఏదైనా సరే, చిన్న దూరం ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్లు పెట్టాలి. రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ ఇవ్వాలి. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో యూరప్ ఆకాశమంతా మూతపడినప్పుడు కూడా ఈ బాధ్యత ఉందని 2013లో అదే కోర్టు తేల్చింది. కౌంటర్ దగ్గర ఎవరూ లేకపోతే రసీదులు దాచుకుని తర్వాత అడగాలి.

పాస్‌పోర్టు క్యూని కూడా సుఖం లెక్కలోనే వేసుకోవాలి. మిలాన్ నుంచి పారిస్‌కో, ఫ్రాంక్‌ఫర్ట్‌కో వెళ్తే రెండూ షెంగెన్‌లోవే, అంటే తమ మధ్య పాస్‌పోర్టు తనిఖీ లేని దేశాల గుంపులోవే, దిగగానే నేరుగా బయటికి రావచ్చు. లండన్ నుంచి వస్తే అలా కుదరదు. 2025 అక్టోబరులో యూరప్ మొదలుపెట్టిన కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతిలో బయటి దేశాలవాళ్ల వేలిముద్రలు, ముఖం ఫోటో నమోదు చేస్తారు. లండన్‌లో ఉంటూ షెంగెన్ వీసా మీద వచ్చే తెలుగువాళ్లు దాని కోసం అదనంగా సమయం వదులుకోవాలి. పైగా కొన్ని బడ్జెట్ కంపెనీలు యూరోపియన్ పాస్‌పోర్టు లేనివాళ్ల వీసాని గేటు దాకా రాకముందే డెస్కు దగ్గర చూస్తాయి. ఆన్‌లైన్ చెక్-ఇన్ అయిపోయింది కదా అని చివరి నిమిషంలో చేరితే అక్కడ చిక్కుకుంటారు.

అన్నిటికీ విమానమే కావాలా అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే. మాడ్రిడ్-బార్సెలోనా రైల్లో రెండున్నర గంటలు, మిలాన్-రోమ్ మూడు గంటలు, పారిస్-లియోన్ రెండు గంటలు. ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతారు, బ్యాగు ఎవరూ కొలవరు. ఫ్రాన్స్ అయితే రెండున్నర గంటల లోపు రైలున్న కొన్ని దేశీయ ఫ్లైట్లని 2023లో ఆపేసింది.

అమ్మానాన్నలు వస్తున్నప్పుడు

ఇప్పటిదాకా చెప్పిన లెక్కల్లో ధరకి కొంత విలువ ఇవ్వొచ్చు. పెద్దవాళ్లు మొదటిసారి వస్తున్నప్పుడు మాత్రం ధరని పక్కన పెట్టాలి. హైదరాబాద్ నుంచి లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతోంది. 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా, 2025 సెప్టెంబరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి కేఎల్ఎం వచ్చాయి. అక్కణ్ణుంచి డబ్లిన్‌కో, మిలాన్‌కో, కోపెన్‌హేగెన్‌కో వెళ్లే చిన్న ఫ్లైట్‌ని అదే టికెట్ మీద తీసుకుంటే, హైదరాబాద్‌లో ఇచ్చిన పెట్టెలు చివరి ఊళ్లోనే చేతికొస్తాయి. ఇండియా నుంచి ఇచ్చిన బరువు హద్దే చివరి దాకా చెల్లుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే దాంట్లో పంపాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. నలభై యూరోలు మిగులుతాయని చివరి ఫ్లైట్‌ని వేరే కంపెనీలో విడిగా కొంటే ఈ మూడూ పోతాయి. పెట్టెలు తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. రెండో ఫ్లైట్ తప్పిపోతే మళ్లీ టికెట్ కొనుక్కోవాలి. అరవై అయిదేళ్ల అమ్మ రెండు పెద్ద పెట్టెలతో, భాష రాని చోట ఆ పని చేయాల్సి రావడం ఊహించుకుంటే చాలు.

మధ్యలో రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇండియా నుంచి దిగినవాళ్లు మళ్లీ సెక్యూరిటీ, పాస్‌పోర్టు తనిఖీ దాటాలి, గేట్ల మధ్య నడక చాలా ఎక్కువ.

నడక కష్టమైనవాళ్ల కోసం యూరోపియన్ యూనియన్‌లో 1107/2006 అనే నిబంధన ఉంది. దాని ప్రకారం ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ సాయం పూర్తిగా ఉచితం, బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో వెళ్లినా సరే. ప్రయాణానికి 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పాలి. చెప్పేటప్పుడు మెట్లు ఎక్కగలరా లేదా అనేది స్పష్టంగా చెప్పడం ముఖ్యం, ఎందుకంటే చిన్న ఫ్లైట్లలో చాలావాటికి ఏరోబ్రిడ్జ్ ఉండదు. మెట్లు ఎక్కలేరని ముందే నమోదై ఉంటే లిఫ్ట్ ఉన్న వాహనాన్ని ఏర్పాటు చేస్తారు. ఈ సాయం అడగడానికి మొహమాటపడే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలే టికెట్ కొన్న రోజున అడిగేసి, రెండు కాగితాలు రాసి పంపితే మంచిది. ఒకటి తెలుగులో, ఎక్కడ దిగాలి, ఎవరి కోసం ఆగాలి, తర్వాతి ఫ్లైట్ ఎన్నింటికి అన్నది వాళ్ల కోసం. రెండోది ఇంగ్లీషులో, బుకింగ్ నంబరు, వీల్‌చెయిర్ అడిగినట్టు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, సిబ్బందికి చూపించడానికి. రెండూ పాస్‌పోర్టులో మడిచి పెట్టాలి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా చేతికి అందేలా.